రెండు మిల్లీమీటర్ల అడ్డు

కారుకి సొంతంగా మార్పులు చేసుకునే సరదా ఉన్నవాళ్లు సైలెన్సర్ గురించీ, టైర్ల గురించీ, లైట్ల గురించీ గంటలకొద్దీ మాట్లాడతారు. పెట్రోల్ పోసే గొట్టం, అంటే ఫిల్లర్ నెక్ ఊసెత్తేవాళ్లు తక్కువ. బంకులో మూత తియ్యగానే కుర్రాడు "జీరో చూసుకోండి సార్" అంటాడు, మన చూపు మీటరు మీదికి పోతుంది. నాజిల్ దూరిన రంధ్రం వైపు చూసే పని పడదు. అలాంటి రంధ్రాన్నే లక్షల మంది యజమానులు సుత్తీ స్క్రూడ్రైవరూ పట్టుకుని వెడల్పు చేసుకుని, దేశమంతటికీ పెట్టిన ఒక నియమాన్ని నీరుగార్చిన సందర్భం ఉంది. దేశం అమెరికా. కాలం 1970, 80 దశకాలు.

ఫిల్లర్ నెక్‌ని ఇంట్లోనే మార్చుకోవచ్చా అని ఎవరైనా అడిగితే "ప్రమాదం, ముట్టుకోకు" అనడం తేలిక. ఆ జవాబు తప్పేమీ కాదుగానీ, దాంతో విషయం తేలదు. జనం దాన్ని ఎందుకు ముట్టుకున్నారు? ముట్టుకుంటే ఏం చెడింది? ప్రభుత్వాలు వేసిన అడ్డుల్లో ఏది నిలిచింది, ఏది కూలింది? ఇవన్నీ ఒకచోట పెట్టి చూస్తే రెండు సంగతులు బయటపడతాయి. పాడైన నెక్‌ని మొదటి కొలతకి తీసుకురావడం ఒక పని, ఆ కొలతనే మార్చడం పూర్తిగా మరో పని. ఇది యజమానికి సంబంధించింది. అడ్డు దాటాలన్న ఆశ మిగిలి ఉన్నంతకాలం అడ్డు నిలవదు. ఇది నియమాలు రాసేవాళ్లకి సంబంధించింది.

గొట్టంలో ఏముంది

మూత తీసి టార్చి వేసి చూస్తే ముందు ఒక లోహపు రింగు, దాని వెనక స్ప్రింగుతో మూసుకునే చిన్న రేకు తలుపు కనిపిస్తాయి. నాజిల్ ఆ తలుపుని తోసుకుని లోపలికి పోతుంది. అక్కణ్ణుంచి గొట్టం వెనక చక్రం పైనుండే మడ్‌గార్డు లోపలగా వంపు తిరిగి, ఒక రబ్బరు హోస్ ద్వారా ట్యాంకుని చేరుతుంది. పక్కనే సన్నగా మరో గొట్టం ఉంటుంది. పెట్రోల్ లోపలికి దిగుతుంటే ట్యాంకులోని గాలీ ఆవిరీ బయటికి రావాలి కదా, ఆ దారి అది.

నాజిల్ దానంతటదే ఆగడానికీ ఈ ఏర్పాటుకీ సంబంధం ఉంది. నాజిల్ కొసన చిన్న చిల్లు ఉంటుంది. పెట్రోల్ పారే వేగానికి లోపల పుట్టే పీడనలోటు ఆ చిల్లు గుండా గాలిని లాగుతూ ఉంటుంది. ట్యాంకు నిండి పెట్రోల్ ఆ చిల్లుని కప్పగానే గాలి ఆగిపోతుంది, లోపలి డయాఫ్రం కదులుతుంది, మీట టక్కున పడిపోతుంది. గాలిగొట్టం ఎక్కడైనా మడతపడినా, ఎండిపోయిన బురద పేరుకున్నా ట్యాంకు సగం ఖాళీగా ఉండగానే ఇదే జరుగుతుంది. నాజిల్ పదేపదే కట్ అవుతుంటే చాలామంది రింగు ఇరుకైందనుకుని దాన్ని పెకలించాలని చూస్తారు. అసలు దోషం చాలాసార్లు పక్క గొట్టంలో ఉంటుంది.

సీసం కాలం

1921 చివర్లో జనరల్ మోటార్స్‌లో పనిచేసే థామస్ మిడ్జ్‌లీ, పెట్రోల్‌లో టెట్రా ఇథైల్ లెడ్ అనే సీసం సమ్మేళనం కలిపితే ఇంజన్ టకటకలాడే నాకింగ్ పోతుందని కనిపెట్టాడు. 1923 నుంచి ఆ పెట్రోల్ బంకుల్లోకి వచ్చింది. తర్వాత సగం శతాబ్దం పాటు లోకమంతా సీసం కలిసిన పెట్రోలే నడిచింది. 1975 మోడల్ కార్లతో అమెరికాలో కథ మారింది. పొగలోని విషవాయువుల్ని తగ్గించడానికి చాలా కార్లకి కేటలిటిక్ కన్వర్టర్ బిగించారు. అందులో పూతపూసిన ప్లాటినం, పల్లేడియం మీద సీసం పేరుకుంటే అది ఇక పనిచెయ్యదు. కొన్ని ట్యాంకుల సీసం పెట్రోల్ చాలు దాని పని పట్టడానికి.

అందుకని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఒక భౌతికమైన అడ్డు వేసింది. 1974 జూలై 1 నుంచి పెద్ద బంకులన్నీ సీసం లేని పెట్రోల్ అమ్మాలి. దాని నాజిల్ బయటి వ్యాసం 21.3 మిల్లీమీటర్లు దాటకూడదు. సీసం పెట్రోల్ నాజిల్ 23.6 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. కొత్త కార్ల ఫిల్లర్ నెక్‌లో పెట్టే రింగులోకి సన్న నాజిల్ దూరాలి, లావు నాజిల్ దూరకూడదు. డాష్‌బోర్డు మీదా, మూత దగ్గరా "అన్‌లెడెడ్ మాత్రమే" అని అచ్చువేసిన చీటీ అంటించాలి. దేశపు గాలి భారమంతా రెండు మిల్లీమీటర్ల పైచిలుకు తేడా మీద పెట్టారన్నమాట.

ఆ తేడాని తుడిచెయ్యడం ఎంత తేలికో జనం త్వరలోనే తెలుసుకున్నారు. రింగులోపలి అంచుని పొడిచి విరగ్గొట్టేవాళ్లు కొందరు. గరాటు పెట్టి పోసుకునేవాళ్లు కొందరు. లావు నాజిల్‌కి తగిలించుకునే సన్న మూతులు కొనుక్కున్నవాళ్లూ ఉన్నారు. కారణం డబ్బు. సీసం పెట్రోల్ గ్యాలన్‌కి కొన్ని సెంట్లు చవక. పైగా నాకింగ్‌ని తట్టుకునే శక్తిని చెప్పే ఆక్టేన్ అంకె మామూలు సీసం పెట్రోల్‌కి 89, సీసం లేనిదానికి 87. కొత్త కారు ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ టకటకలాడితే "ఆ పెట్రోలే పోస్తే సరి" అనుకోవడం సహజం.

ఈపీఏ 1978 నుంచి కొన్నేళ్లపాటు వివిధ నగరాల్లో బళ్లని ఆపి సర్వే చేసింది. పరిశీలకులు మూడు పనులు చేసేవారు. ట్యాంకులోంచి కొంచెం పెట్రోల్ తీసి సీసం ఉందా అని చూడడం, నెక్ రింగుని కొలిచే గేజు పెట్టి వెడల్పయిందా అని చూడడం, పొగగొట్టం లోపలి గోడకి ప్లంబ్‌టెస్మో అనే పరీక్ష కాగితాన్ని తడిపి అద్దడం. సీసం తగిలితే ఆ కాగితం గులాబీ రంగుకి తిరుగుతుంది. నెక్‌ని మళ్లీ సరిచేసుకున్నా, గరాటుతో పోసుకున్నా పొగగొట్టం మాత్రం నిజం చెప్పేస్తుంది. ఈ లెక్కల్లో అన్‌లెడెడ్ పొయ్యాల్సిన బళ్లలో దాదాపు పదింట ఒకటి, కొన్నేళ్లలో అంతకన్నా ఎక్కువే, సీసం పెట్రోల్ తాగినట్టు తేలింది.

ఇక్కడ యజమాని లెక్కని ఎగతాళి చెయ్యనక్కర్లేదు. బంకు దగ్గర నిలబడ్డ మనిషికి ఆ కొన్ని సెంట్లు కంటికి కనబడే మిగులు. కన్వర్టర్ చచ్చిపోతే కారు ఆగదు, శబ్దం చెయ్యదు, వెంటనే దీపం వెలిగి చెప్పే ఏర్పాటూ ఆ రోజుల్లో లేదు. నష్టం వెనకాల వచ్చే బండిలోని మనిషిది, రోడ్డు పక్కన ఆడుకునే పిల్లవాడిది. ఆ నష్టం ఎంతటిదో రక్తపరీక్షలు చెప్పాయి. 1976కీ 1980కీ మధ్య అమెరికన్ల రక్తంలో సగటు సీసం 37 శాతం పడిపోయింది. పెట్రోల్‌లో వాడే సీసం తగ్గిన తీరూ, రక్తంలో తగ్గిన తీరూ పక్కపక్కనే నడిచాయి.

చివరికి పరిష్కారం రింగు దగ్గర దొరకలేదు. పెట్రోల్ దగ్గరే దొరికింది. గ్యాలన్‌కి 1.1 గ్రాములున్న సీసం పరిమితిని 1985 జూలైలో 0.5కి, 1986 జనవరి 1 నుంచి 0.1కి దించారు. అంత తక్కువ సీసంతో ఆక్టేన్ సాధించడం రిఫైనరీకి ఖర్చు కాబట్టి చవక అన్న ఆకర్షణ పోతుంది, దొంగచాటుగా పోసుకున్నా ముందున్నంత సీసం అందులో ఉండదు. ప్రభుత్వం వేసుకున్న లాభనష్టాల లెక్కలో ఈ దొంగ వాడకం తగ్గడం కూడా ఒక పద్దు. 1996 నుంచి రోడ్డు వాహనాలకి సీసం పెట్రోల్‌ని పూర్తిగా నిషేధించారు. అప్పటికి రింగుని పగలగొట్టాల్సిన అవసరమే ఎవరికీ మిగల్లేదు.

గుద్దుకున్నప్పుడు

నెక్ కొలతల్లో వ్యాసం ఒక్కటే లేదు. పొడవూ, ట్యాంకులో అది కూర్చునే తీరూ ప్రాణాల మీదికి తెస్తాయని ఫోర్డ్ పింటో చూపించింది. ఆ కారు ట్యాంకు వెనక యాక్సిల్‌కీ బంపర్‌కీ మధ్య ఉండేది. నెక్ పైకొస బాడీకి బిగించి ఉంటే, కింది కొస ట్యాంకులోకి ఒక సీలు గుండా జారి కూర్చునేది. వెనక నుంచి గుద్దితే ట్యాంకు ముందుకి జరుగుతుంది, బాడీకి అంటుకున్న గొట్టం దాంతోపాటు పోదు. గొట్టం ఊడి వస్తుంది, పెట్రోల్ రోడ్డుమీద పారుతుంది. అమెరికా రహదారి భద్రత సంస్థ 1978 మేలో ఇచ్చిన నివేదికలో 38 ప్రమాదాలు, పింటోలో ఉన్నవాళ్లలో 27 మంది మరణం నమోదయ్యాయి. అదే ఏడాది జూన్‌లో 1971–76 మధ్య తయారైన దాదాపు 15 లక్షల పింటో, మెర్క్యురీ బాబ్‌క్యాట్ కార్లని కంపెనీ వెనక్కి పిలిచింది. ట్యాంకుకీ యాక్సిల్‌కీ మధ్య ప్లాస్టిక్ పలకలు పెట్టడంతోపాటు చేసిన మరమ్మతు ఏమిటంటే, మరింత పొడవైన ఫిల్లర్ గొట్టం, మెరుగైన సీలు.

అప్పటికే 1977 మోడళ్ల నుంచి అమెరికాలో వెనక నుంచి గంటకి 30 మైళ్ల వేగంతో గుద్దే పరీక్ష తప్పనిసరైంది. పరిమితికి మించి ఇంధనం కారకూడదు. ఈనాటి నెక్‌లో రబ్బరు హోస్ ఎంత పొడవుండాలి, ఎక్కడ వంగాలి, ఏ క్లాంపు పట్టాలి అన్నది ఇలాంటి పరీక్షల్లో గెలిచి వచ్చిన లెక్క. షెడ్డులో ఒక ఇనుప పైపు కోసి, వంచి, నేరుగా వెల్డింగు చేసి "దీనికింక చావులేదు" అనుకుంటే, గుద్దుకున్నప్పుడు సాగాల్సిన చోట సాగని గొట్టాన్ని తయారుచేసినట్టే.

ఆవిరి లెక్క

మూడో అంకం ఆవిరిది. ట్యాంకులోకి పది లీటర్లు పోస్తే అంత మేర ఆవిరి బయటికి రావాలి. ఒకప్పుడు అది నేరుగా బంకు కుర్రాడి ముఖానికి కొట్టేది. 1998 మోడల్ కార్ల నుంచి అమెరికాలో దీన్ని కారులోనే పట్టుకునే ఏర్పాటు మొదలై 2000కల్లా కొత్త కార్లన్నింటికీ వచ్చింది. నింపిన ప్రతి గ్యాలన్‌కీ 0.2 గ్రాముకి మించి ఆవిరి బయటపడకూడదు. ఇందుకోసం చాలా కార్లలో నెక్‌ని కిందికి వెళ్లేకొద్దీ సన్నం చేశారు. అంగుళం వెడల్పు గొట్టాన్ని పారే పెట్రోలే నిండుగా కప్పేస్తుంది, ఆవిరి వెనక్కి రావడానికి సందుండదు. అది బొగ్గు నింపిన డబ్బాలోకి మళ్లి, ఇంజన్ నడిచేటప్పుడు కాలిపోతుంది. త్వరగా నిండాలని ఆ గొట్టాన్ని లావు చేస్తే ఈ మూత పోతుంది. నాజిల్ ఆగాక కూడా "రౌండ్ ఫిగర్" కోసం నొక్కి నొక్కి పోయించుకుంటే పెట్రోల్ ఆ బొగ్గు డబ్బాలోకే పోయి దాన్ని పాడుచేస్తుంది.

ఇక్కడ పాత రింగుకి లేని ఒక బలం ఉంది. 1996 తర్వాతి అమెరికన్ కార్లలోని కంప్యూటర్ ట్యాంకు బిగువుని తానే పరీక్షించుకుంటుంది. మొదట ఒక మిల్లీమీటరు చిల్లుని, తర్వాత అర మిల్లీమీటరు చిల్లుని కూడా పట్టేలా నియమాలు బిగించారు. నెక్‌లో తుప్పు చిల్లు పడినా, మూత రబ్బరు చిట్లినా చెక్ ఇంజన్ దీపం వెలుగుతుంది. సీసం కాలంలో యజమాని కంటికి కనపడని నష్టం ఇప్పుడు డాష్‌బోర్డు మీద కనపడుతోంది.

మిషిగన్, ఒహాయో లాంటి మంచు రాష్ట్రాల్లో సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కున్న తెలుగు విద్యార్థులకి ఈ దీపం కొత్తేమీ కాదు. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు మడ్‌గార్డు వెనక బురదతో కలిసి నెక్ చుట్టూ చేరుతుంది. ఏళ్ల తరబడి తడి ఆరని ఇనుము తొర్రలు పడుతుంది. ట్యాంకు నింపిన రోజు పెట్రోల్ వాసన, ఆ వారమే దీపం. ఎపాక్సీ పూసి టేపు చుడితే దీపం కొన్నాళ్లు ఆరవచ్చు. కింద ఇనుము తినేసుకుపోవడం మాత్రం ఆగదు. అలాంటప్పుడు నెక్ మొత్తం మార్చడమే దారి. అది మరమ్మతే తప్ప మార్పు కాదు.

చట్టం ఎక్కడిదాకా

అమెరికా చట్టం ఈ తేడాని మెల్లిగా పట్టుకుంది. 1970 నాటి క్లీన్ ఎయిర్ చట్టంలో కాలుష్య నియంత్రణ పరికరాల్ని పీకకూడదన్న నిషేధం తయారీదార్లకీ డీలర్లకీ ఉండేది. 1977లో మెకానిక్ షాపులకీ, బళ్ల సమూహాలు నడిపేవాళ్లకీ విస్తరించింది. సొంత కారుని సొంత ఇంట్లో విప్పుకునే మామూలు యజమాని ఆ నిషేధంలోకి వచ్చింది 1990 సవరణతోనే. జరిమానా 2,500 డాలర్ల దాకా పెట్టారు. అంటే నెక్ రింగులు విరిగిన కాలమంతా, షాపువాడికి నేరమైన పని యజమాని చేతిలో ఆ సెక్షన్‌కి అందకుండా ఉండిపోయింది. ఇల్లిల్లూ తిరిగి నెక్‌లు కొలవడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు కాబట్టి, చట్టం అప్పటికే ఉన్నా లెక్క పెద్దగా మారేది కాదు.

మన దేశంలో 1995 ఏప్రిల్ 1న ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైల్లో కొత్త కార్లకి కన్వర్టర్, దాంతో సీసం లేని పెట్రోల్ మొదలయ్యాయి. ఆ నాలుగు నగరాల కారు దూరప్రయాణానికి బయల్దేరితే తగిన పెట్రోల్ ఎక్కడ దొరుకుతుందన్న బెంగ వెంట ఉండేది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే అయ్యేసరికి ఆ బెంగ తీరింది. రెండు పెట్రోళ్లు పక్కపక్కన ఉన్న కాలం మన దగ్గర ఐదేళ్లే కావడం అదృష్టమే.

ఇప్పటి మన చిక్కులు వేరు. మొదటిది చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మౌలిక లక్షణం మారే మార్పుల్ని కట్టడి చేస్తుంది. 2019లో చేర్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరునెలల దాకా జైలు, లేదా రెండూ. ఇవి ఫిల్లర్ నెక్ పేరెత్తవు. సీఎన్‌జీ కిట్ పెట్టించి గ్యాస్ నింపే మూతిని పెట్రోల్ నెక్ పక్కన బిగిస్తే మాత్రం సూటిగా వీటి కిందికే వస్తుంది. ఇంధనం మారింది కాబట్టి ఆర్సీలో ఎక్కాలి, సిలిండర్‌కి మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ జరగాలి.

రెండోది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. 2023 నుంచి వస్తున్న కొత్త కార్ల రబ్బరు భాగాలు దాన్ని తట్టుకునేలా చేశారు. పాత బళ్లలో కొన్నింటికి రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చని ప్రభుత్వమే చెప్పింది. ట్యాంకుకీ నెక్‌కీ మధ్య హోస్ ఆ జాబితాలో ముందు చూడాల్సిన వస్తువు. మూడోది డీజిల్ కారులో పెట్రోల్ పొయ్యడం. యూరప్ కొలతల్లో పెట్రోల్ నాజిల్ సుమారు 21, డీజిల్ నాజిల్ సుమారు 25 మిల్లీమీటర్లు. కాబట్టి పెట్రోల్ కారుని ఇరుకు నెక్ కాపాడుతుంది, డీజిల్ కారు వెడల్పు నోట్లోకి మాత్రం పెట్రోల్ నాజిల్ హాయిగా దూరుతుంది. డీజిల్ జిడ్డుతోనే అరగకుండా తిరిగే హై ప్రెషర్ పంపు అప్పుడు పాడవుతుంది. సన్న నాజిల్ పెడితే తెరుచుకోని తలుపుల్ని ఇందుకే కొన్ని కంపెనీలు పెడుతున్నాయి. నెక్‌లో కొలత మార్చడం మంచికే జరిగిన సందర్భం ఇది. అయితే కార్ఖానాలో, పరీక్షలు దాటాక.

ఇంట్లో చెయ్యగలిగింది

పనిముట్లు పట్టే అలవాటున్న మనిషికి నెక్ మార్చడం అసాధ్యమైన పని కాదు. పెట్రోల్ స్వభావం తెలిసి దిగాలి. దాని ఆవిరి సున్నాకి 40 డిగ్రీలు దిగువన కూడా అంటుకోగలదు. గాలిలో 1.4 శాతం ఉంటే చాలు మండుతుంది. గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు కాబట్టి నేలబారున పాకి, దూరంగా ఉన్న స్టవ్వునో స్విచ్చునో చేరుతుంది. నిండు ట్యాంకు కన్నా ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. అందుకే డ్రిల్లు, గ్రైండరు, వెల్డింగు ఇంట్లో ఈ గొట్టం దరిదాపులకి రాకూడదు. ట్యాంకులో నీళ్లు నింపి వెల్డింగు చేసే షాపులున్నాయని, అది ఇంటి పని అయిపోదు.

పని ఆరుబయట చెయ్యాలి, బ్యాటరీ తీగ విప్పాలి, ట్యాంకులో పెట్రోల్ తక్కువ ఉన్నప్పుడు మొదలెట్టాలి. అదే మోడల్‌కి కంపెనీ ఇచ్చే నెక్ తెచ్చుకోవాలి. హోస్ ఫ్యూయల్ ఫిల్లర్‌కని అచ్చేసి ఉన్నదే కావాలి. రేడియేటర్ హోస్ చూపులకి అలాగే ఉంటుందిగానీ, పెట్రోల్ తగిలితే ఉబ్బి మెత్తబడి జారిపోతుంది. సన్న గాలిగొట్టం ఎక్కడా కిందికి వేలాడకూడదు. వేలాడిన చోట పెట్రోల్ నిలిచి గాలిని ఆపేస్తుంది, నాజిల్ మళ్లీ టక్‌టక్‌మంటుంది. లోహపు నెక్‌ని బాడీకి కలిపే చిన్న తీగ గానీ, రంగు గీకిన బిగింపు స్క్రూ గానీ ఉంటే దాన్ని తిరిగి బిగించకుండా వదలకూడదు. రబ్బరు మధ్యలో ఉన్నప్పుడు ఆ లోహంలో చేరే స్థిరవిద్యుత్తు నేలకి పోయే దారి అదొక్కటే.

మార్పు అనే మాట వచ్చేసరికి ఈ వెసులుబాటు ఆగిపోవాలి. రింగు పెకలిస్తే ముక్కలు ట్యాంకులో పడి పంపు జాలీని చేరతాయి. గొట్టం లావు చేస్తే ఆవిరి బయటపడుతుంది. పొట్టి చేస్తే గుద్దుకున్నప్పుడు ఊడుతుంది. క్యాన్‌తో పోసుకోవాల్సి వస్తుందని మూతకి బదులు తలుపే మూసుకునే నెక్‌లో ఆ తలుపుని విరగ్గొట్టే పనీ లేదు. ఫోర్డ్ 2008లో తెచ్చిన ఆ పద్ధతి కార్లతో గరాటు కూడా కారులోనే ఇస్తారు. డీజిల్ దొంగలకి జడిసి లోపల జాలీ పెట్టించుకునే లారీ యజమానులు కూడా అది నురగని ఆపి నింపే వేగాన్ని తగ్గిస్తుందని ముందే లెక్కవేసుకోవాలి. లేకపోతే డ్రైవరే ఒక రోజు దాన్ని ఊడబెరుకుతాడు.

ఆ డ్రైవర్ని తప్పుపట్టి లాభం లేదు. బంకులో పది నిమిషాలు ఎక్కువ నిలబెట్టే జాలీ, గ్యాలన్‌కి కొన్ని సెంట్లు ఎక్కువ ఇప్పించిన రింగు ఒకే కోవకి చెందుతాయి. అడ్డు బరువు రోజూ ఒకడి మీద పడుతుంది, దాని లాభం మరొకరికి అందుతుంది. ఆ బరువుని తగ్గించిన చోట, అంటే చవక తేడా పోయేలా చేసిన చోట, తప్పు చేస్తే వెంటనే దీపం వెలిగేలా చేసిన చోట, యజమాని చేతిలోని స్క్రూడ్రైవర్ దానంతటదే పెట్టెలోకి వెళ్లింది. ఇథనాల్ కలిసిన పెట్రోలూ, మామూలు పెట్రోలూ వేర్వేరు ధరలకి పక్కపక్క పంపుల్లో అమ్మాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే, మన విధానకర్తలు ముందుగా వెయ్యాల్సిన లెక్క ఆ రెండు ధరల మధ్య తేడాదే. నెక్‌లో పెట్టబోయే రింగు కొలత గురించి తర్వాత ఆలోచించవచ్చు.